సారె లేకుండా చేత్తో కుండ: తప్పు మట్టిదా, మంటదా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఒకసారి చెప్పుకుని మొదలుపెడదాం. మీది దేవరకొండ దిక్కు ఊరు. కుమ్మరి సారె (కుండ తిప్పే చక్రం) లేదు. చెరువు మట్టి తెచ్చి, పాముల్లా పేనిన మట్టి చుట్టలు పేర్చి, మూడు లీటర్ల వంటకుండలు ఐదు చేశావు. మూడు ఆరుతుండగానే నెర్రెలిచ్చాయి. మిగిలిన రెండూ పిడకల మంటలో అరగంట కాకముందే పేలిపోయాయి. సారె లేకనే ఇట్లయిందా, మట్టి పనికిరాదా, మంట ఎక్కువైందా అని అడిగావు. నీళ్ల కుండ సంగతీ అడిగావు.

సారె లేకపోవడం కారణం కానే కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు నవీన శిలాయుగపు పశువుల కాపర్ల కుండలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం చేత్తో చేసి, రాయితో రుద్ది నునుపు చేసినవే. అంత దూరం ఎందుకు, ఇప్పటి మన కుమ్మరులు సారె మీద తిప్పే కుండకు కూడా గుండ్రటి అడుగు సారె మీద రాదు. మెడ, భుజం తిప్పి, అడుగు తెరిచి ఉన్న మందపాటి గుల్లను దించుతారు. అది కాస్త ఆరాక లోపల రాయి, బయట చెక్క పెట్టి కొట్టి కొట్టి పొట్ట పెంచి అడుగు మూస్తారు. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ రెండో సగం. నీ ప్రశ్నలో చుట్టల ముచ్చటే ఉంది, కొట్టుడు ముచ్చట లేదు. వంటకుండ గట్టిదనం అంతా కొట్టుడులోనే ఉంటుంది.

ఇక నీ ఐదు కుండల సంగతి. పచ్చి కుండలో నీళ్లు మూడు విడతల్లో బయటికి పోతాయి. మొదటి విడత నీడలో. రేణువుల మధ్య నీళ్లు పోయిన కొద్దీ అవి దగ్గరికి జరిగి కుండ ముడుచుకుంటుంది. ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత ముడుచుకుంటే నెర్రె. నీ మూడు కుండలు ఇక్కడ పోయాయి. రెండో విడత మంట దగ్గర, వంద డిగ్రీలు దాటే వేళకు. చేతికి పొడిగా తగిలినా గోడ లోపల మిగిలిన తడి ఆవిరవుతుంది. దారి దొరికితే మెల్లగా వస్తుంది, దొరక్కపోతే గోడను చీల్చుకుని వస్తుంది. నీ రెండు కుండలు ఇక్కడ పోయాయి. మూడో విడత సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య. మట్టి కణంలోనే కలిసి ఉన్న నీరు అప్పుడు వదులుతుంది. అది వదిలాకే మట్టి కుండవుతుంది, మళ్లీ నీళ్లలో వేసినా కరగదు. అంటే నీ కుండల్లో ఒక్కటీ అసలు మంట దాకా పోనే లేదు. మంటను తిట్టే ముందు మట్టి, ఆరబెట్టడం చూసుకోవాలి.

మట్టితో మొదలుపెడదాం. వాన నీళ్లు చెరువులోకి వచ్చే వైపు ముందు ఇసుక దిగుతుంది, సన్న ఒండ్రు కట్ట దాకా కొట్టుకొచ్చి దిగుతుంది. కాబట్టి ఎండాకాలం శిఖంలో (నీళ్లు తగ్గి తేలిన చెరువు నేలలో) కట్ట వైపే వెతుకు. కట్ట మొదట్లో మాత్రం తవ్వొద్దు, కట్ట బలం పోతుంది. కనీసం పదిహేను మీటర్లు ఇవతల, పై జానెడు మట్టి తీసేసి కింది మట్టి తీసుకో. పై మట్టిలో గడ్డివేర్లు, నత్తగుల్లలు ఉంటాయి. నత్తగుల్ల అంటే సున్నమే, దాని సంగతి తర్వాత చెప్తాను. 2015 నుంచి మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువైతే మంచి ఒండ్రు ఎప్పుడో పొలాలకు పోయి, అడుగు మొరం తేలి ఉండొచ్చు. అప్పుడు జేసీబీ తాకని మూల చూసుకోవాలి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువు మట్టి వంటపాత్రకు వద్దే వద్దు.

నువ్వు పంపిన ఫొటోలో మట్టి ఆరాక కూడా బాగా నల్లగా, గచ్చు పగిలినట్టు పెంకులు పెంకులుగా ఉంది. అందులో రేగడి పాలు ఎక్కువ. రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఎండాకాలం చేన్లో కాలు పట్టేంత నెర్రెలిచ్చే మట్టి కుండగా మారాక ఊరుకోదు కదా. పారేయక్కర్లేదు, ముడుచుకోని పొడి కలిపి దానికి కళ్లెం వేయాలి.

ఎంత కళ్లెం వేయాలో కొలిచి తెలుసుకో. రొట్టె పిండి పదనుకు కలిపిన మట్టితో 12 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు, 1 సెం.మీ. మందం పట్టీ చెయ్యి. దాని మీద ముల్లుతో సరిగ్గా 10 సెం.మీ. గీత గీయి. నీడలో పూర్తిగా ఆరాక ఆ గీతను మళ్లీ కొలువు. 9.2 నుంచి 9.5 మధ్య ఉంటే మట్టి దారిలో ఉన్నట్టు. 9 లేదా అంతకంటే తగ్గితే జిగట ఎక్కువ, కుండ నెర్రెలివ్వక తప్పదు. 9.6 పైనే ఉంటే ఇసుక ఎక్కువ. అలాంటి మట్టితో చిటికెన వేలంత చుట్ట చేసి చూపుడు వేలికి చుడితే వంపు దగ్గర తెగిపోతుంది. మంచి మట్టి చుట్ట చిన్న చిన్న బీటలిచ్చినా తెగదు. ఈ పట్టీ పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుంది, చాలామంది ఓపిక లేక వదిలేస్తారు. ఐదు కుండలు పోగొట్టుకోవడం కంటే ఒక పట్టీ నయం.

సున్నం పరీక్ష కూడా చెయ్యి. మట్టిలో తెల్లగా, బూడిదరంగుగా చిన్న గడ్డలు కనిపిస్తే ఒకటి చితగ్గొట్టి నిమ్మరసం పిండు. బుసబుస నురగ వస్తే సున్నపు గడ్డ. హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు నేల కిందే సున్నపురాయి ఉంది. మీ వైపు రాతి నేల అయినా రేగళ్లలో ఈ గడ్డలు దొరుకుతాయి. ఇవి మంటలో కాలి పొడి సున్నమవుతాయి. కుండ బాగానే కాలిందని సంబరపడుతుంటే, వారం పది రోజుల్లో గాలిలో తేమ పీల్చుకుని ఆ సున్నం ఉబ్బుతుంది. గోడ నుంచి రూపాయి బిళ్లంత చెక్క ఊడిపడుతుంది, గుంట నడుమ తెల్ల చుక్క కనిపిస్తుంది. అప్పుడిక చేసేదేమీ లేదు. ముందే జల్లించడమే మందు.

మట్టి నానబెట్టడంలో ఒక కిటుకు ఉంది. తడి మట్టి గడ్డను నీళ్లలో వేస్తే రోజులు గడిచినా నడుమ గడ్డగానే ఉంటుంది. అదే మట్టిని ముందు ఎండలో బొటాబొటిగా కాదు, పూర్తిగా ఎండబెట్టి, రేగుపండంత ముక్కలుగా కొట్టి నీళ్లలో వేయి. కళ్ల ముందే బుడగలొస్తూ విరిగి అడుగున పేరుకుంటుంది. ఒక రాత్రి ఉంచి, కర్రతో కలిపి, పల్చటి గంజిలా చేసి దోమతెర గుడ్డలోంచి వడగట్టు. వేర్లు, గడ్డలు, గుల్లలు పైనే ఆగుతాయి. ఒక రోజు తేరనిచ్చి పై నీళ్లు వంచేసి, పొడి బూడిద మీద గోనె పరిచి దాని మీద పోస్తే రెండు రోజుల్లో ముద్దకు వస్తుంది.

ఇప్పుడు కళ్లెం. వంటకుండకు ఇసుక కంటే పెంకుపొడి మేలు. పగిలిన పాత కుండల పెంకాసులు, గూనపెంకులు దంచి జల్లించు. బొంబాయి రవ్వంత సైజు, అంటే మిల్లీమీటరు వరకు సరిపోతుంది. పిండిలా సన్నదైతే నెర్రెను ఆపదు. జొన్నగింజంత లావైతే చెక్కతో కొట్టేటప్పుడు గోడ చిరుగుతుంది. ముద్దకు వచ్చిన మట్టి నాలుగు డబ్బాలకు పెంకుపొడి ఒక డబ్బా. నీ మట్టి లాంటి దానికి మూడుకు ఒకటి వేయి, పట్టీ మళ్లీ చేసి చూడు. పెంకు అప్పటికే కాలి ఉంది కాబట్టి తను ముడుచుకోదు, నెర్రె దాని దాకా వచ్చి ఆగుతుంది. పైగా ఆవిరి పోవడానికి సందులిస్తుంది. వాగు ఇసుక కూడా ఈ పనులు చేస్తుంది కానీ, అందులోని పలుగురాయి రేణువు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. మంచినీళ్ల రంజన్‌కు సన్న ఇసుక బాగుంటుంది, పొయ్యి మీద రోజూ పెట్టే దానికి పెంకే. మంటలో పేలిన నీ రెండు కుండల ముక్కలను దంచాలని చూడకు, ముందు ఒక ముక్కను చెంబు నీళ్లలో రాత్రంతా ఉంచు. మెత్తబడితే అది ఇంకా మట్టే, పెంకు కాదు.

పొడి చల్లుకుంటూ గోనె మీద మట్టిని కాళ్లతో తొక్కు. మడమతో నడుమ నుంచి అంచుకు, మడత వేసి మళ్లీ. పది కిలోలకు ముప్పావుగంట పడుతుంది. సన్న తీగతో ముద్దను కోసి చూస్తే కోత అంతా ఒకే రంగుగా, బొక్కలు లేకుండా ఉండాలి. గాలి బుడగ ఉంటే కుండ పేలుతుందనే మాట ఊరూరా వినిపిస్తుంది. పేల్చేది బుడగ కాదు, తడి. పూర్తిగా ఆరిన కుండలో బుడగ ఉన్నా పేలదు. బుడగ వల్ల గోడ ఆ చోట పల్చనై కొట్టేటప్పుడు చిరుగుతుంది, అందుకు తీసేయాలి. తొక్కిన మట్టిని తడి గోనెలో చుట్టి పది పదిహేను రోజులు మాగనివ్వు. వాసన వస్తే భయపడకు, మంచిదే.

కొలతలు చూద్దాం. మూడు లీటర్లు పట్టాలంటే కాలిన కుండ లోపలి వెడల్పు సుమారు 18 సెం.మీ. ఉండాలి. మట్టి నూటికి ఎనిమిది ముడుచుకుంటుందనుకుంటే పచ్చిగా ఉన్నప్పుడు 20 సెం.మీ. దాకా చెయ్యాలి. చాలామంది చేసిన కొలతే మిగులుతుందనుకుని చివరికి అన్నం పొంగే కుండతో మిగులుతారు. రెండున్నర కిలోల తడి మట్టి తీసుకో, కొట్టాక కొంత మిగులుతుంది.

అడుగుకు అచ్చు కావాలి. పాత కుండ అడుగు పెంకు, లేదా లోతైన మూకుడు లోపల పొడి బూడిద చల్లి, సెం.మీ. మందం రొట్టెను అందులో పరిచి పిడికిలితో ఒత్తు. బోర్లించిన కుండ పైన పరచొద్దు. పైన పరిస్తే మట్టి ముడుచుకుంటూ అచ్చును బిగిస్తుంది, వదలక అడుగే చిట్లుతుంది. లోపల పరిస్తే ముడుచుకుని తనంతట తానే వదులుతుంది.

ఆపైన బొటనవేలంత లావు చుట్టలు. చుట్టను అంచు మీద నిటారుగా పెట్టకు. అంచు లోపలి పక్కకు సగం దిగేలా ఆనించి, లోపల బొటనవేలితో కిందికి, బయట వేళ్లతో పైకి రుద్ది కలుపు. అప్పుడు అతుకు ఏటవాలుగా వస్తుంది, పట్టు పెరుగుతుంది. నిటారు అతుకు కొట్టేటప్పుడే విడిపోతుంది. చుట్ట రెండు కొసలు కలిసే చోటు ఒకదాని మీద ఒకటి రాకూడదు. మూడు చుట్టలు వేశాక ఆగు. చలికాలం నీడలో అరగంట, ఎండాకాలమైతే పది నిమిషాలే. ఆగకుండా ఐదో చుట్ట వేస్తే బరువుకు పొట్ట జారుతుంది. పొట్ట పెరగాలంటే చుట్టను అంచుకు వెలుపలగా, మెడ కుదించాలంటే లోపలగా పెట్టు. మూతిని తడి గుడ్డతో రెండు వేళ్ల మధ్య పట్టి తిప్పుతూ నునుపు చేసి, గోడ కంటే కాస్త మందంగా ఉంచు. దెబ్బలన్నీ తగిలేది మూతికే. ఈ దశలో కుండ మొద్దుగా, సెం.మీ. పైనే మందంగా ఉంటుంది. ఉండనివ్వు.

ఇప్పుడు కొట్టుడు. దీనికి పదను చూసుకోవడమే విద్య. గోరు గుచ్చితే దిగాలి, వేలితో నొక్కితే ముద్ర పడొద్దు. ఇంకా తడిగా ఉంటే చెక్కకు అంటుకుని గోడ లాక్కొస్తుంది, ఎక్కువ ఆరితే మొదటి దెబ్బకే చిట్లుతుంది. చెక్క వేపదో చింతదో, జానెడున్నర పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, అంచులు గుండ్రంగా చెక్కింది. లోపలి రాయి అరచేతిలో ఇమిడే నున్నటి వాగు గుండు. రెండూ పొడి బూడిదలో అద్దుకుంటూ ఉండాలి. ఒళ్లో గోనె వేసుకుని కుండను ఒరిగించు. ఎడమ చెయ్యి లోపల రాయితో, కుడి చెయ్యి బయట చెక్కతో, రెండూ గోడకు అటూ ఇటూ ఒకే చోట ఎదురెదురుగా ఉండాలి. చెక్క పడేది రాయి ఉన్న చోటే. రాయి లేని చోట దెబ్బ పడితే గోడ లోపలికి కుంగుతుంది. చప్పుడే చెప్తుంది: రాయి మీద పడితే టకటక అని గట్టిగా, తప్పితే డొబ్ అని గుల్లగా వినిపిస్తుంది. భుజం నుంచి మొదలుపెట్టి, ఒక్కో దెబ్బకు కుండను రెండు వేళ్లంత తిప్పుకుంటూ, చుట్టు పూర్తయ్యాక కిందికి దిగు. దెబ్బ బరువుగా వద్దు. చెక్క బరువే చాలు.

ఒకే పూట సన్నం చేయాలని చూడకు. మొదటి వాయికి 8 మిల్లీమీటర్లు, రెండు మూడు గంటలు గోనె కప్పి ఉంచాక రెండో వాయికి 7, చివరిది అడుగుకు. మందం తెలియాలంటే తుమ్మముల్లు మీద 7 మిల్లీమీటర్ల దగ్గర నల్లపూసంత మసి చుక్క పెట్టుకుని గోడలో గుచ్చి చూడు, ఆ బొక్కను వేలితో పూడ్చేయి. అడుగు గోడ కంటే మందంగా ఉంచడం చాలామంది చేసే పొరపాటు. మందపు అడుగు చివర ఆరుతుంది, పొయ్యి మీద కూడా అదే ముందు పగులుతుంది. మూల అనేదే లేని గుండ్రటి అడుగు అయితే వేడి సమానంగా పాకుతుంది. మన అటికలకు చదును అడుగు లేకపోవడం అందంకోసం కాదు.

నునుపు పని ఇష్టం. జాజును (ఎర్రమట్టి రంగును) నీళ్లలో తేర్చి పైన తేలిన మీగడ లాంటి నీళ్లను గుడ్డతో పూసి, తడి ఆరగానే నున్నటి గులకరాయితో రుద్దితే మెరుపొస్తుంది. రుద్దితే పైపొర రేణువులు సర్దుకుని నీళ్లు కారడం తగ్గుతుంది. మంచినీళ్ల కుండకు మాత్రం రుద్దకు, చెమర్చకపోతే చల్లబడదు.

ఆరబెట్టడం దగ్గరికి వద్దాం, నీ మూడు కుండలు పోయిన చోటు. మే నెల వడగాలిలో చేసి ఉంటావని నా అనుమానం. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. మూతికి గాలి నాలుగు వైపులా తగులుతుంది, ముందు ఆరుతుంది. పొట్ట, అడుగు వెనకబడతాయి. కాబట్టి మొదటి రెండు రోజులు మూతికి తడి గుడ్డ చుట్టి, అడుగును గాలికి వదులు. మూతి గట్టిపడ్డాక కుండను మూడు పుల్లల మీద బోర్లించు, గచ్చు మీద అంటించి పెట్టకు. కిటికీ, ఫ్యాను ఎదురుగా వద్దు. చలికాలంలో ఎనిమిది నుంచి పది రోజులు. చివరి రెండు రోజులు మాత్రమే ఎండలో, తిప్పుతూ. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. వంటింటి తూకం ఉంటే అంతకంటే నమ్మకం: రెండు రోజులు వరుసగా ఒకే బరువు చూపించాలి.

నెర్రెలను చదవడం నేర్చుకో, అవి ఎక్కడ తప్పిందో చెప్తాయి. మూతి నుంచి నిలువుగా కిందికి దిగితే మూతి తొందరగా ఆరింది. అడ్డంగా, కుండ చుట్టూ పోతే చుట్టల అతుకు సరిగా కలవలేదు. అడుగున నక్షత్రంలా చీలితే అడుగు మందం, లేదా కింద అంటుకుంది. ఒళ్లంతా సాలెగూడులా సన్న గీతలైతే మట్టి జిగట, పెంకుపొడి చాలలేదు. నువ్వు రాసిన దాని ప్రకారం నీ మూడింటిలో రెండు సాలెగూడు, ఒకటి అడ్డం. ఎండు నెర్రెను తడి మట్టితో పూడ్చి దాచకు. పూడ్చిన మట్టి మళ్లీ ముడుచుకుంటుంది, నెర్రె మంటలో అక్కడే తెరుచుకుంటుంది. నెర్రెలిచ్చిన పచ్చి కుండను కొట్టి నీళ్లలో వేస్తే మళ్లీ మట్టే, నష్టమేమీ లేదు.

మంట. ఆరు నుంచి ఎనిమిది కుండలైతే ఆవం (కుమ్మరి బట్టీ) కట్టక్కర్లేదు, గుంట చాలు. మీటరుంపావు వెడల్పు, జానెడున్నర లోతు. గాలి లేని రోజు, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే అసలు మంట పొద్దుగూకే వేళకు వస్తుంది, అప్పుడే కుండ రంగు కంటికి కనిపిస్తుంది. ముందు రోజు ఆ గుంటలో ఉత్త మంట వేసి నేల తడి తీసేయి, ఇది మరిచిపోతే నేల తడే ఆవిరై అడుగులు పోతాయి.

మొదట కాపడం. నడుమ చిన్న మంట వేసి, కుండలను మూరెడు దూరంలో చుట్టూ పెట్టి, పావుగంటకోసారి తిప్పు. గంట తర్వాత జానెడు దూరానికి జరుపు. మొత్తం రెండున్నర నుంచి మూడు గంటలు. అద్దం ముక్కను మూతి మీద పెట్టి చూస్తే లోపలి నుంచి ఆవిరి పట్టకూడదు. చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కాలి. నువ్వు ఇది చేయకుండా నేరుగా పిడకల్లో పెట్టావు, పిడక చూడ్డానికి నెమ్మదే కానీ అంటుకున్నాక ఆగదు.

కాగిన కుండలను కర్రతో ఎత్తి గుంటలో పెట్టాలి. అడుగున పొడి బూడిద, దానిపైన పిడకలు రెండు వరుసలు, పిడకల మీద పెంకాసుల దిమ్మలు, వాటి మీద కుండలు మూతి కిందికి ఒరిగేలా. కుండకూ కుండకూ మధ్య వేలు సందు. పక్కల సందుల్లో, పైన పిడకలు నిలబెట్టి, ఆపైన పత్తికట్టె, కందికట్టె, ఆముదపు కట్టె, ఏది దొరికితే అది. కట్టెల మీద జానెడు మందం వరిగడ్డి, గడ్డి మీద పాత పెంకులు పరిచి, బూడిద కలిపిన బురద పూత. చుట్టూ నాలుగు, పైన ఒకటి బొక్కలు వదులు. కుండల ఎండు బరువుకు నాలుగైదు రెట్లు కట్టె, పిడక సిద్ధంగా ఉంచుకో. సర్కారు తుమ్మ మొద్దులు మాత్రం మొదట్లో వద్దు, వేడి ఒకేచోట పోటెత్తుతుంది. చివరి గంటకు పక్కల బొక్కల్లోంచి సన్న చీరికలు తోయొచ్చు.

నాలుగు బొక్కల్లోనూ కింది నుంచి నిప్పు పెట్టు. మొదటి గంట పొగే రావాలి. తర్వాత బొక్కలోంచి తొంగి చూస్తే కుండ గోడ మసి నలుపుగా కనిపిస్తుంది. చీకట్లో లీలగా ఎరుపు కనిపిస్తే సుమారు ఐదారు వందల డిగ్రీలు. పండిన నేరేడు కాదు, పండిన రేగుపండు ఎరుపులోకి వచ్చి, మసి కాలిపోయి గోడ శుభ్రంగా కనిపిస్తే ఏడెనిమిది వందలు. అక్కడ అరగంట నిలబెట్టగలిగితే వంటకుండకు చాలు. నాలుగైదు గంటల్లో అయిపోతుంది. తర్వాత బొక్కలు మూసి తెల్లారేదాకా ముట్టుకోకు. ఎర్రగా ఉన్నప్పుడు పెంకు తీసి చూడాలని చేయి దురద పెడుతుంది. చల్లగాలి తగిలిన చోట కత్తితో కోసినట్టు సన్నటి బీట పడుతుంది, ఆ బీటకు అంచులు పదునుగా ఉంటాయి, చేత్తో తడిమితే తెలుస్తుంది.

నలుపు కావాలంటే మంట దిగే వేళ గుంట మీద తడి గడ్డి, పేడపొడి చల్లి పైన మట్టి కప్పేయి. గాలి అందక పొగ గోడలోకి ఇంకుతుంది. మన జిల్లాల్లో రాకాసి గుళ్లు అని పిలిచే పాత సమాధుల్లో లోపల, మూతి దగ్గర నలుపు, కింద ఎరుపు ఉన్న కుండలు దొరుకుతాయి. బోర్లించి కాల్చడం వల్ల లోపలికి, బూడిదలో కూరుకున్న మూతికి గాలి అందలేదని, బయట పొట్టకు అందిందని పురావస్తువాళ్లు చెప్పే వివరణ. ఈ గుంటలోనే చేసి చూడొచ్చు. మూతిని బూడిద, పేడపొడిలో రెండు వేళ్ల లోతు పూడ్చి పెడితే ఆ గీత దాదాపు అట్లాగే వస్తుంది.

కాలిన కుండను వేలి మెటికతో కొట్టు. కంచులా మోగితే బాగుంది, డొబ్ అంటే ఎక్కడో బీట ఉంది. రాత్రంతా నీళ్లలో ఉంచి గోరుతో గీకితే బురద రాకూడదు. వాడకానికి ముందు ఒక రోజు నానబెట్టి, చిక్కటి గంజి పోసి సన్న సెగ మీద అరగంట కాచి, రాత్రంతా అందులోనే ఉంచు. గంజిలోని పిండి సందులను పూడుస్తుంది. ఈ కుండ మొదటి నాలుగు రోజులు చెమర్చడం మామూలే, ఆందోళన వద్దు. గ్యాస్ మీదైతే ఎప్పుడూ చిన్న మంటతో మొదలు, ఖాళీ కుండ పెట్టకు, దించాక తడి గచ్చు మీద పెట్టకు. సబ్బు పీల్చుకుంటుంది కాబట్టి బూడిద, కొబ్బరిపీచు చాలు. రంగులు, వార్నిష్ వంటకుండ దగ్గరికి రానీయకు.

నీళ్ల కుండ గురించి కూడా అడిగావు కాబట్టి ఒక మాట. మీ బోరు నీళ్ల ఉప్పు బయట తెల్లగా పేరుకుని సందులు మూస్తుంది, రెండు మూడు నెలలకు చల్లదనం తగ్గుతుంది. పీచుతో బయట గీరితే కొంత తిరిగొస్తుంది. మట్టికుండలో పోస్తే ఫ్లోరైడ్ పోతుందని ఎవరైనా అంటే నమ్మకు. ఆవిరై పోయేది నీళ్లు, ఫ్లోరైడ్ కుండలోనే ఉంటుంది. పటిక, సున్నం వేసి తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి వేరే సంగతి.

ఈసారి ఏకంగా మూడు లీటర్లకు పోకు. అదే మట్టితో పిడికెడంత గురుగులు ఆరు చెయ్యి: రెండు పెంకుపొడి లేకుండా, రెండు నాలుగుకు ఒకటి, రెండు మూడుకు ఒకటి. అడుగున ముల్లుతో ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు పెట్టుకో. కాలి బయటికి వచ్చాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఏది ఏ పాలో గుర్తుండదు. ఆ ఆరింటి ఫొటోలు, పట్టీ మీద మిగిలిన గీత కొలత పంపు, నీ మట్టికి ఎంత పొడి పడుతుందో అప్పుడు సరిగ్గా చెప్పొచ్చు.